పెయింట్‌బాల్ ఎంత దూరం పోతుంది? అందులో బ్యారెల్ పనెంత, స్పిన్ పనెంత

రంగు నింపిన బంతులతో ఒకరినొకరు కాల్చుకునే పెయింట్‌బాల్ ఆట ఆడే చోట బ్యారెల్ (తుపాకీ గొట్టం) గురించి వినిపించినన్ని గొప్పలు తుపాకీలోని ఇంకే భాగం గురించీ వినిపించవు. పొడవు బ్యారెల్ వేస్తే బంతి ఎక్కువ దూరం పోతుందని ఒకరంటారు. లోపల మెలిగాడులు, అంటే మెలితిరిగిన గాడులు, ఉంటే సూటిగా పోతుందని ఇంకొకరు. చిల్లులు చుట్టూ మెలితిరిగి ఉంటే బంతి కూడా మెలితిరుగుతుందని మరొకరు. ఇవన్నీ బంతి బ్యారెల్‌లో ఉన్నంతసేపటి మాటలు. అది లోపల ఉండేది సెకనులో నూరో వంతు కూడా కాదు. బయటికొచ్చాక ఎదుటివాడిని చేరడానికి అర సెకను, ఒక్కోసారి ఒక సెకను పడుతుంది. ఆ ప్రయాణంలో ఏం జరుగుతుందో తెలిస్తే ఏ గొప్పలో ఎంత నిజముందో తేల్చడం కష్టం కాదు.

ముందు అంకెలు. ఎక్కువ మంది వాడేది .68 క్యాలిబర్ బంతి. అంటే వ్యాసం 0.68 అంగుళం, సుమారు 17.3 మిల్లీమీటర్లు. బరువు 3 గ్రాములకు అటూఇటూ. భద్రత కోసం దాదాపు అన్ని మైదానాల్లోనూ వేగానికి సెకనుకు 300 అడుగుల పరిమితి ఉంటుంది. చాలాచోట్ల దాన్ని 280కి తగ్గిస్తారు. 280 అడుగులంటే సెకనుకు సుమారు 85 మీటర్లు. ఆట మొదలయ్యే ముందు ప్రతి తుపాకీనీ క్రోనోగ్రాఫ్ ముందు కాల్పించి ఈ వేగం చూస్తారు.

గాలి అనేదే లేకపోతే, 85 మీటర్ల వేగంతో 45 డిగ్రీల కోణంలో కాల్చిన బంతి 700 మీటర్లు దాటి పడాలి. నిజంగా ఏ కోణంలో కాల్చినా 90 మీటర్ల చుట్టుపక్కలకు మించి పోదు. అంటే రావాల్సిన దూరంలో ఎనిమిదింట ఏడు వంతులు గాలే మింగేస్తోంది. పెయింట్‌బాల్ దూరం గురించి మాట్లాడేవాళ్లు చాలామంది బంతిని భూమి లాగేస్తుందన్న దగ్గరే ఆగిపోతారు. అసలు శత్రువు గాలి.

ఆ శత్రువు బలం ఎంతో లెక్కగట్టవచ్చు. గోళానికి వాడే నిరోధ గుణకం 0.47 తీసుకుంటే, బ్యారెల్ దాటిన క్షణాన బంతిని వెనక్కి తోసే గాలి బలం దాదాపు 0.48 న్యూటన్లు. బంతి బరువు 0.03 న్యూటన్లు. అంటే భూమి కిందికి లాగే బలానికి 16 రెట్ల బలంతో గాలి వెనక్కి తోస్తోంది. దాని ఫలితం: 85తో బయల్దేరిన బంతి 20 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 55కి పడిపోతుంది, 30 మీటర్ల దగ్గర 44కి, 50 మీటర్ల దగ్గర 28కి. వేగం తగ్గేకొద్దీ ప్రయాణానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయంలో భూమి తన పని తాను చేస్తుంది. నేలకు సమాంతరంగా కాల్చిన బంతి 20 మీటర్ల దగ్గర 37 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, 30 దగ్గర ఒక మీటరు, 50 దగ్గరైతే ఏకంగా 4 మీటర్లు. నిలబడి ఛాతీ ఎత్తున, అంటే ఒకటిన్నర మీటర్ల ఎత్తులో పట్టుకుని సమాంతరంగా కాలిస్తే 35 మీటర్ల దగ్గర నేల తాకుతుంది. ఇవన్నీ కాగితం మీద లెక్కలే. అతుకు, సొట్ట, గాలివాటం ఉన్న నిజం బంతి దగ్గర కొంత మారతాయి. కానీ ఆటగాళ్ల అనుభవానికి ఇవి దూరంగా లేవు.

బ్యారెల్ లోపల

బ్యారెల్‌కు ఉన్న అసలు పని బంతికి ఆ 85 మీటర్ల వేగం అందించడం, ప్రతిసారీ అంతే వేగం అందించడం. రెండోదే కష్టం.

పొడవు సంగతి ముందు తేలుద్దాం. బంతి వెనక వదిలిన గాలి వ్యాకోచిస్తూ దాన్ని తోస్తుంది. మామూలు తుపాకుల్లో ఆ తోపు మొదటి 8 నుంచి 10 అంగుళాల్లోనే దాదాపు అయిపోతుంది. ఆ కాస్త దూరంలో వేగం సున్నా నుంచి 85కి చేరాలంటే బంతి మీద పడే త్వరణం భూమ్యాకర్షణకు సుమారు 1,500 రెట్లు. పలచని జెలటిన్ తొక్క, లోపల ద్రవం ఉన్న వస్తువు అంత దెబ్బ తట్టుకుని పగలకుండా బయటికి రావడమే ఒక వింత. 10 అంగుళాల తర్వాత ఉన్న బ్యారెల్ బంతిని తోయదు. రాపిడితో కొంచెం ఆపుతుంది కూడా. అందుకే 12, 14 అంగుళాల బ్యారెల్‌లో చివరి భాగాన్ని కొంచెం వెడల్పు చేసి చిల్లులు పెడతారు. చిల్లులు గాలిని మెల్లగా బయటికి వదిలి చప్పుడు తగ్గిస్తాయి. మిగిలిన పొడవు బంకర్ (దాక్కునే అడ్డు) మూలని తోసుకుని తుపాకీ బయటికి పెట్టడానికి, గురి చూసుకోవడానికి పనికొస్తుంది. అంతకు మించి దానికి దూరంతో సంబంధం లేదు.

ఒకవేళ పొడవు బ్యారెల్ వేగం పెంచిందే అనుకుందాం. క్రోనో దగ్గరికి వెళ్లగానే రిఫరీ దాన్ని మళ్లీ 280కి దింపిస్తాడు. ఒకే బరువు, ఒకే వేగం, స్పిన్ లేని రెండు బంతులు ఏ బ్యారెల్ నుంచి వచ్చినా వాటి దూరం ఒకటే. బయటికొచ్చిన బంతికి తాను వెయ్యి రూపాయల బ్యారెల్ నుంచి వచ్చిందా, పదివేల బ్యారెల్ నుంచి వచ్చిందా అన్నది గుర్తుండదు. దూరం పెంచుతామని చెప్పే తిన్నటి బ్యారెల్ ప్రకటనలన్నీ ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

లోపలి వ్యాసం, అంటే బోర్, మాత్రం నిజంగా పట్టించుకోవలసిన విషయం. అమ్మకంలో ఉన్నవి ఎక్కువగా .679 నుంచి .695 అంగుళాల మధ్య ఉంటాయి. బంతికంటే బోర్ బాగా పెద్దదైతే గాలి పక్కల నుంచి జారిపోతుంది, ఒక్కో షాట్‌కు ఒక్కో వేగం వస్తుంది. మరీ బిగుతైతే పెళుసు బంతి లోపలే పగులుతుంది. వేగం ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ 10 అడుగులు తేడా వస్తే 40 మీటర్ల దగ్గర పైకీ కిందికీ కనిపించేంత తేడా ఉంటుంది. అందుకే అనుభవమున్న ఆటగాళ్లు రెండు మూడు బోర్ సైజుల సెట్ వెంట ఉంచుకుని, ఆరోజు పెట్టెలో ఉన్న బంతిని బ్యారెల్‌లో వేసి నోటితో ఊది చూస్తారు. ఊదకుండా జారిపోతే బోర్ పెద్దది, ఊదినా కదలకపోతే చిన్నది.

రైఫిల్ లాగా మెలిగాడులు చెక్కడం గురించి ఒక మాట చెప్పి వదిలేయవచ్చు. రైఫిల్ గుండు పొడుగ్గా, ముక్కుతో ఉంటుంది. తిరుగుడు లేకపోతే అది గాలిలో దొర్లుతుంది, అందుకే దానికి ప్రయాణ దిశ చుట్టూ తిరుగుడు ఇస్తారు. గుండ్రటి బంతికి ముక్కే లేదు, నిలబెట్టాల్సిందీ ఏమీ లేదు. పైగా ప్రయాణ దిశ చుట్టూ తిరిగే తిరుగుడు బంతిని పైకి ఎత్తదు. చిల్లులను మెలితిప్పి చెక్కితే బయటికి పోయే గాలి బంతిని తిప్పుతుందన్నది ఇంకా బలహీనమైన మాట. గాలి బంతిని ముట్టుకోకుండానే చిల్లు నుంచి బయటికి పోతోంది.

బంతి తయారీలోనే ఉన్న చిక్కు

పెయింట్‌బాల్ పుట్టింది మందుల ఫ్యాక్టరీ యంత్రం మీద. విటమిన్ ఇ, చేప నూనె మాత్రలు నింపే మెత్తటి జెలటిన్ క్యాప్సూల్ యంత్రాన్ని 1930లలో అమెరికాలో ఆర్.పి. షెరర్ తయారుచేశాడు. అడవిలో నరకాల్సిన చెట్లకు, మందలో పశువులకు దూరం నుంచి గుర్తు పెట్టడానికి నెల్సన్ పెయింట్ కంపెనీ రంగు గుళ్లు కావాలనుకున్నప్పుడు వాటిని చేసింది షెరర్ కంపెనీయే. వాటిని కాల్చడానికి డైసీ కంపెనీ చేసిన తుపాకీ పేరు నెల్‌స్పాట్ 007. 1981 జూన్‌లో న్యూ హాంప్‌షైర్‌లోని హెనికర్ అడవిలో 12 మంది ఆ తుపాకులతో జెండాల ఆట ఆడారు. ఆట అక్కడ మొదలైంది.

ఆ యంత్రంలో రెండు జెలటిన్ పట్టీలు రెండు వైపుల నుంచి వచ్చి, మధ్యలో ద్రవం పడుతుండగా అచ్చుల మధ్య కలిసి అతుక్కుంటాయి. అందుకే ప్రతి బంతికీ నడుము చుట్టూ ఒక అతుకు ఉంటుంది. తొక్క ఆరేటప్పుడు బంతి కచ్చితమైన గోళంగా మిగలదు. జెలటిన్ తేమ పీల్చుకుని ఉబ్బుతుంది కూడా. విశాఖ లాంటి ఉక్క ఊళ్లో రెండు రోజులు తెరిచి ఉంచిన సంచిలోని బంతి, మూసి ఉంచిన సంచిలోని బంతి ఒకే బోర్‌లో ఒకేలా కూర్చోవు.

ఇక గాలిలో. స్పిన్ లేని బంతి వెనక ఏర్పడే సుడిగాలి తోక నిలకడగా ఉండదు. అతుకు ఏ పక్కన ఉందో, సొట్ట ఎక్కడ ఉందో దాన్ని బట్టి తోక ఒక్కోసారి ఒక్కో వైపు వంగుతుంది, బంతి దాని ఎదురు వైపు జరుగుతుంది. బ్యారెల్ గోడకు చివరి క్షణంలో ఏ పక్క తగిలితే ఆ పక్క కొంచెం తిరుగుడు కూడా అంటుకుంటుంది. వరసగా పది షాట్లు ఒకే గురితో కాల్చినా 40 మీటర్ల దగ్గర చెదిరిపోవడానికి కారణం ఎక్కువగా ఇదే. గురి చూసేవాడి చెయ్యి వణకడం కాదు.

బ్యాక్‌స్పిన్, అంటే బంతి పైభాగం వెనక్కి కదిలేలా ఇచ్చే తిరుగుడు, పనిచేసే తీరు ఇక్కడి నుంచి అర్థమవుతుంది. ఎలాగూ ఏదో ఒక తిరుగుడు అంటుకుంటున్నప్పుడు, ప్రతిసారీ ఒకే వైపు, ఒకే మోతాదులో తిరుగుడు ఇస్తే ఏమవుతుంది?

రాబిన్స్ వంచిన తుపాకీ

ఈ ప్రశ్న పెయింట్‌బాల్‌ కంటే చాలా పాతది. 1740లలో ఇంగ్లండ్‌లో బెంజమిన్ రాబిన్స్ అనే గణితవేత్త మస్కెట్ గుండ్లు ఎందుకు పక్కలకు తొలగిపోతున్నాయని ఆలోచించాడు. గుండు బ్యారెల్ గోడకు రాసుకుని తిరుగుతోందని, తిరిగే గుండును గాలి పక్కకు నెడుతోందని అతని ఊహ. దాన్ని రుజువు చేయడానికి ఒక తుపాకీ బ్యారెల్ చివరి కొన్ని అంగుళాలను కొన్ని డిగ్రీలు ఎడమకు వంచాడు. దారిలో వరసగా పలచటి కాగితం తెరలు కట్టాడు. కాలిస్తే గుండు ముందు వంపు చూపించిన వైపే, ఎడమకే పోయింది. దూరం వెళ్లేకొద్దీ వంపు తిరిగి కుడివైపుకు వచ్చింది. వంపు దగ్గర గుండు కుడి గోడకు ఒరుసుకుంది. ఆ ఒరిపిడి దానికి ఒక దిశలో తిరుగుడు ఇచ్చింది. ఆ తిరుగుడే దాన్ని కుడికి లాగింది.

రాబిన్స్ పుస్తకాన్ని 1745లో జర్మన్‌లోకి తెచ్చిన మహా గణితవేత్త ఆయిలర్ అంతటివాడు ఈ వివరణను ఒప్పుకోలేదు. గుండ్లు సరిగ్గా గుండ్రంగా లేకపోవడమే కారణమన్నాడు. వంద సంవత్సరాలు దాటాక, 1850లలో బెర్లిన్‌లో గుస్తావ్ మాగ్నస్ ప్రయోగశాలలో ఇదే విషయం మళ్లీ చూపించాడు. పేరు అతనికి దక్కింది. రాబిన్స్‌కు మన వైపు ఒక సంబంధం కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేయడానికి ఇంజనీర్‌గా 1750లో కోరమండల్ తీరానికి వచ్చాడు. మరుసటి సంవత్సరమే కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు.

మాగ్నస్ ప్రభావం అంటే ఇంతే: తిరిగే బంతి తన ఒంటికి అంటుకుని ఉన్న గాలి పొరను తనతో లాక్కుపోతుంది. బ్యాక్‌స్పిన్ ఉన్న బంతి పైభాగం వెనక్కి కదులుతుంది, అంటే ఎదురుగాలి పోయే వైపే. అక్కడ గాలి పొర బంతిని ఎక్కువసేపు అంటిపెట్టుకుని వెనక భాగం దాకా వచ్చి విడిపోతుంది. కిందిభాగం ఎదురుగాలికి ఎదురెళ్తుంది కాబట్టి అక్కడ పొర ముందే విడిపోతుంది. ఫలితంగా బంతి వెనక గాలి తోక కిందికి వంగుతుంది. గాలిని కిందికి తోసిన బంతి తాను పైకి లేస్తుంది. లెగ్ స్పిన్నర్ వేసిన టాప్‌స్పిన్ బంతి బ్యాట్స్‌మన్ అనుకున్న చోటికంటే ముందే దిగిపోవడం ఇదే బలం తలకిందులుగా పనిచేయడం.

రాబిన్స్ వంపును 90 డిగ్రీలు తిప్పితే ఫ్లాట్‌లైన్ బ్యారెల్ వస్తుంది. అమెరికాలోని టిప్‌మన్ కంపెనీ తన మోడల్ 98, ఆ తర్వాతి తుపాకుల కోసం చేసిన ఈ బ్యారెల్ తిన్నగా ఉండదు. విల్లులా మధ్యలో కొంచెం పైకి ఉబ్బి, చివర ముందుకు వాలుతుంది. బంతి తిన్నగా పోవాలని చూస్తుంది, బ్యారెల్ కిందికి వంగుతుంది. అందుకని బంతి పై గోడకు ఒత్తుకుని దొర్లుతూ పోతుంది. పైభాగం రాపిడికి వెనకబడుతుంది. బ్యాక్‌స్పిన్ తయారు.

ఎంత వంపు కావాలి? ఇక్కడ లెక్క చాలా ముచ్చటగా తేలుతుంది. బంతి గోడకు ఒత్తుకునే బలం వేగం, వంపు వ్యాసార్థాల మీద ఆధారపడినా, మొత్తం తిరుగుడు తీసేసరికి వ్యాసార్థం, పొడవు రెండూ కొట్టేసుకుపోతాయి. మిగిలేవి రెండే: బ్యారెల్ మొత్తం మీద ఎన్ని డిగ్రీలు వంగింది, బంతికీ గోడకీ మధ్య రాపిడి ఎంత. బంతి ఉపరితల వేగం దాని ముందుకు పోయే వేగంలో 3 శాతం అయితే సరిపోతుందనుకుంటే (అంటే నిమిషానికి సుమారు మూడు వేల చుట్లు), మామూలు రాపిడికి రెండు మూడు డిగ్రీల వంపు చాలు.

3 శాతమే ఎలా సరిపోతుంది? గాలి బంతి బరువుకు 16 రెట్ల బలంతో వెనక్కి తోస్తోందని పైన చూశాం. ఆ బలంలో పదహారో వంతును పైకి మళ్లించగలిగితే బంతి బరువు మాయమైనట్టే. పెయింట్‌బాల్‌ను ఇంతగా ఇబ్బందిపెట్టే గాలే, చిన్న తిరుగుడు దొరికితే దాన్ని మోస్తుంది.

బ్యాక్‌స్పిన్ ఇచ్చేది, ఇవ్వనిది

బయటికొచ్చిన క్షణాన లిఫ్ట్, అంటే బంతిని పైకెత్తే బలం, సరిగ్గా బరువుకు సమానంగా ఉందనుకుని లెక్క వేద్దాం. తిరుగుడు త్వరగా తగ్గదు, వేగం తగ్గుతుంది. వేగం సగమైతే గాలి నిరోధం పావు అవుతుంది, లిఫ్ట్ సగమవుతుంది, బరువు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి బంతి మొదట గీత గీసినట్టు పోయి, చివర్లో ఒక్కసారి జారిపోతుంది. 30 మీటర్ల దగ్గర మామూలు బంతి ఒక మీటరు దిగితే ఇది 23 సెంటీమీటర్లే దిగుతుంది. ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి సమాంతరంగా కాలిస్తే 35 మీటర్ల దగ్గర కాకుండా 50కి కొంచెం ముందు నేల తాకుతుంది. లిఫ్ట్ బరువుకు ఒకటిన్నర రెట్లయితే బంతి ముందు పైకి లేస్తుంది. 30 మీటర్ల దగ్గర గురికంటే 16 సెంటీమీటర్లు పైన ఉండి, 60 మీటర్ల దాకా పోతుంది. ఫ్లాట్‌లైన్ బంతి పైకెక్కి పోతుందని వాడినవాళ్లు చెప్పేది ఇదే.

సమాంతర దూరంలో 40 శాతం పెరుగుదల చిన్నది కాదు. అయితే ప్రకటనలు చెప్పని సంగతి ఒకటుంది. మామూలు బ్యారెల్‌ను 5 డిగ్రీలు పైకెత్తి కాల్చినా బంతి అదే 50 మీటర్లు పోతుంది, దాదాపు అదే వేగంతో చేరుతుంది. బ్యాక్‌స్పిన్ భూమి లాగే బలాన్ని రద్దు చేస్తుందే తప్ప గాలి వెనక్కి తోయడాన్ని ముట్టుకోదు. ఏ దారిలో పోయినా 50 మీటర్ల దగ్గర బంతి వేగం 28 మీటర్లే, శక్తి మొదటి దానిలో తొమ్మిదో వంతు. అంత నెమ్మదైన బంతి బట్ట మీదో, ఆకుల మీదో పడితే చాలాసార్లు పగలకుండా ఎగిరిపోతుంది. ఆట నియమం ప్రకారం పగలని బంతి తగిలినట్టు లెక్క కాదు. పైగా చేరడానికి ఒక సెకను దాటుతుంది. పరుగెత్తేవాడు ఈలోగా నాలుగైదు మీటర్లు జరిగిపోతాడు.

మరి ఉపయోగం ఎక్కడ? 5 డిగ్రీలు ఎత్తి కాల్చిన బంతి దారిలో గురి గీతకు దాదాపు ఒకటిన్నర మీటర్లు పైకి పోయి దిగాలి. అడవిలో ఆ దారి నిండా కొమ్మలుంటాయి. బ్యాక్‌స్పిన్ బంతి కొమ్మల కిందుగా పోతుంది. గురి కూడా తేలిక. శత్రువు తల మీద ఎంత ఎత్తు పెట్టాలో ఊహించాల్సిన పని చాలావరకు తప్పుతుంది. అందుకే ఇది అడవి ఆటలో కదలకుండా కూర్చుని కాల్చేవాడికి నచ్చినంతగా, గాలి నింపిన బంకర్ల మధ్య 20 మీటర్లలో ఆడే టోర్నమెంట్ ఆటగాడికి నచ్చలేదు. అతనికి ఇంకో చిక్కు కూడా ఉంది. బంకర్ పక్క నుంచి తుపాకీని వాల్చి కాలిస్తే లిఫ్ట్ కూడా దానితో పాటే వాలుతుంది. బంతి పైకి బదులు పక్కకు వంగిపోతుంది.

బీటీ కంపెనీ ఏపెక్స్ బ్యారెల్ ఈ లోపాన్నే గుణంగా మార్చుకుంది. అది తిన్నటి బ్యారెల్. చివర కొనలో లోపలికి చొచ్చుకొచ్చే చిన్న వాలు ఉంటుంది, దాన్ని ఎక్కువ తక్కువ చేసుకోవచ్చు. కొనను తిప్పి వాలును పైపక్క పెడితే బ్యాక్‌స్పిన్, పక్కకు పెడితే బంతి కావాలనే పక్కకు వంగి చెట్టు వెనక దాక్కున్నవాడి వైపు తిరుగుతుంది. వాలును పూర్తిగా తీసేస్తే మామూలు బ్యారెల్. ఆలోచన బాగుంది. కానీ వంపు బ్యారెల్‌లో బంతి గోడకు మెల్లగా ఒత్తుకుంటే, ఇక్కడ చివరి అంగుళాల్లో ఒక్కసారిగా గుద్దుకుంటుంది. పెళుసు బంతులు ఆ వాలు మీదే పగులుతాయి.

పగిలితే ఏమవుతుందన్నదే రెండు రకాలకూ పెద్ద బలహీనత. తిరుగుడు మొత్తం రాపిడి మీదే ఆధారపడి ఉంది. లోపల ఒక్క బంతి పగిలి జారుడు ద్రవం గోడలకు పూస్తే రాపిడి పడిపోతుంది, లిఫ్ట్ దానితోపాటు పోతుంది. అంతవరకు 50 మీటర్లు తిన్నగా పోయిన బ్యారెల్ ఆ తర్వాత బంతిని ముందే నేలకు దింపుతుంది, మధ్యలో ఒక్కో షాట్ ఒక్కోలా పోతుంది. తిన్నటి బ్యారెల్‌లో పగిలినా గురి చెడుతుంది కానీ దూరం మీద ఇంత దెబ్బ ఉండదు. వంపు బ్యారెల్‌ను నిటారు కడ్డీతో తుడవడమూ అవస్థే, తాడుకు కట్టి లాగే స్క్వీజీ నయం.

వేగం సెట్ చేసుకోవడంలోనూ తేడా ఉంది. తిన్నటి బ్యారెల్ వాడేవాళ్లు మైదానం ఒప్పుకున్నంత పై వేగానికి పెట్టుకుంటారు. వంపు బ్యారెల్‌లో బయల్దేరే వేగం పెంచితే దానితోపాటు తిరుగుడు కూడా పెరుగుతుంది కాబట్టి, లిఫ్ట్ ఆ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 270 అడుగుల దగ్గర తిన్నగా పోయే బంతి 300 దగ్గర దాదాపు నాలుగో వంతు ఎక్కువ లిఫ్ట్‌తో పైకెక్కిపోతుంది. అందుకే ఫ్లాట్‌లైన్‌తో బాగా కాల్చేవాళ్లు వేగం తగ్గిస్తూ, బంతి దారి సమమయ్యే చోట ఆపుతారు.

ఎయిర్‌సాఫ్ట్‌లో లేని కష్టం

ఇదే బ్యాక్‌స్పిన్ ఎయిర్‌సాఫ్ట్ తుపాకుల్లో హాప్‌అప్ పేరుతో దాదాపు ప్రతిదానిలోనూ ఉంటుంది. బ్యారెల్ మొదట్లో పైన చిన్న రబ్బరు బొడిపె, అంతే. అక్కడ ఇంత సులువైనది పెయింట్‌బాల్‌లో ఇన్ని తిప్పలు ఎందుకు పెడుతోంది? ఎయిర్‌సాఫ్ట్ గుండు 6 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ పూస. బరువు 0.12 గ్రాముల నుంచి మొదలవుతుంది. అన్నీ ఒకే సైజు, తేమకు ఉబ్బవు, లోపల ద్రవం లేదు, పగిలి గొట్టంలో కారవు. పెయింట్‌బాల్‌లో తొక్కకు ముందు తిరుగుడు అంటుతుంది, లోపలి ద్రవం వెనకబడుతుంది. తర్వాత ద్రవం తొక్కను కొంత ఆపుతుంది, తొక్క ద్రవాన్ని కొంత తిప్పుతుంది. చివరికి మిగిలే తిరుగుడు నింపుడు ఎంత చిక్కగా ఉందన్న దాన్ని బట్టి కూడా మారుతుంది.

మరీ నునుపైన గోళాల మీద ఇంకో వింత కూడా నమోదైంది. 1928లో మకోల్, 1949లో డేవీస్ గాలి సొరంగంలో చేసిన ప్రయోగాల్లో, కొన్ని పరిస్థితుల్లో నెమ్మదిగా తిరిగే నున్నటి బంతి మీద బలం తలకిందులైంది. బ్యాక్‌స్పిన్ బంతిని పైకెత్తాల్సింది పోయి కిందికి లాగింది. పెయింట్‌బాల్ బయల్దేరే వేగం ఆ పరిస్థితులకు మరీ దూరంలో లేదు. అతుకు, గరుకు ఉండడం వల్ల గాలి పొర ముందే చెదిరి, ఈ తలకిందుల వ్యవహారం నుంచి బంతి తప్పించుకుంటోందని అనుకోవడానికి ఆస్కారం ఉంది. ఎప్పుడూ తిట్లు తినే అతుకు ఇక్కడ మేలు చేస్తున్నట్టుంది.

గాలి నిరోధాన్నే తగ్గించాలంటే బంతి ఆకారం మార్చక తప్పదు. చిన్న బంతి వాడితే లాభం లేదు. .50 క్యాలిబర్ బంతి వెడల్పు తక్కువైనా బరువు ఇంకా ఎక్కువగా తగ్గిపోతుంది కాబట్టి అది .68 కంటే త్వరగా వేగం కోల్పోతుంది. ఫస్ట్ స్ట్రైక్ గుండ్లు వేరే దారి పట్టాయి. ముందు సగం రంగు నింపిన గుండ్రటి తొక్క, వెనక రెక్కలున్న ప్లాస్టిక్ తోక. రెక్కలు గాలికి గుండును ప్రయాణ దిశ చుట్టూ తిప్పుతాయి. ఈ గుండుకు ముందూ వెనకా ఉన్నాయి కాబట్టి మెలిగాడుల బ్యారెల్‌కు ఇక్కడ అర్థముంది. వెనక తోక సన్నబడడం వల్ల గాలి సుడి చిన్నదవుతుంది, వేగం మెల్లగా తగ్గుతుంది. అందుకే బ్యాక్‌స్పిన్ బంతి ఊపిరి పోయి జారే దూరంలో కూడా ఇది పగిలేంత వేగం నిలుపుకుంటుంది. ధర మాత్రం మామూలు బంతికి ఎన్నో రెట్లు. హాపర్‌లో (తుపాకీ మీద ఉండే బంతుల డబ్బాలో) గుప్పిళ్లతో పోసి కాల్చడానికీ కుదరదు, మ్యాగజీన్‌లో ఒక్కొక్కటీ ముక్కు ముందుకు పెట్టి పేర్చుకోవాలి.